ఆరు సున్నపు చుక్కలు

చందంపేట గుట్టల కింద, పల్లిచేన్ల
మోటరు డబ్బ జరుపంగ దొరికింది.
బొటనవేలంత. ట్రాక్టరు టైరు నలుపు.
వీపు మీద ఆరు తెల్ల చుక్కలు
ఎవరో సున్నంల పుల్ల ముంచి పెట్టినట్టు.

పేడపురుగన్నడు కుర్మయ్య.
ఉండ ఏదిరా మరి?
కాళ్లు చూడు, ఇది ఉరికే జాతి.
కుమ్మరిపురుగన్నది పెద్దమ్మ.
కుమ్మరిపురుగుకు మన్నంటదంటరు,
దీనికి మీసాల దాక మన్నే.

ఫోటో తీస్కపోయి
దేవరకొండల మందుల దుకాణపాయనకు చూపెట్టిన.
అద్దాలు నొసటి మీదికి నెట్టి
ఫోను దగ్గరికి, దూరం, మళ్ల దగ్గరికి పెట్టి
"పేరైతే తెల్వదు,
మందున్నది" అన్నడు.
పావు లీటరు డబ్బ, మూతకు సీలు.
కొనలే.

అసలు ముచ్చట చెప్పనే లేదు.
పట్టుకున్నప్పుడు ఎనుకనుంచి సిర్రున చిమ్మింది.
మామిడికాయ సొన పడ్డంత మంట,
పుల్లటి కంపు,
తెల్లారెటాల్లకు వేలి మీద చాయరంగు మచ్చ.

ఈదమ్మవ్వ పురుగును చూడలే, ఫోటో చూడలే.
మచ్చ చూసింది.
"ఆరు చుక్కలదేనా?
చీకటైనంక లద్దెపురుగుల తింటదది.
పేరా?
మేం దాన్ని 'జరుగు' అనేటోళ్లం.
అది కనవడితే అందరి నోట్ల
ఆ మాటే వచ్చేది మరి."

వారమాయె, గోరు పక్కన మచ్చ పోలే.
నిన్న రాత్రి రెండింటికి కరెంటొస్తే
మోటరు వెయ్యవోయిన.
టార్చి వెలుతురుల
గెనెం మీద
ఆరు చుక్కలు ఎదురొచ్చినయి.

జరిగిన.