తోడు

రోడోపి కొండల్లో మంచింకా కరగలేదు.
డెబ్బై నాలుగేళ్ల రైచో
సాసేజీలు కోసే కత్తిని కడిగి అటకెక్కించాడు.
"చీటీ డాక్టరమ్మది, నోరు నాది" అన్నాడు పిల్లితో.

నలభయ్యేళ్లు స్తోయ్నా వండిపెట్టింది.
ఉప్పెంత వేసేదో ఎన్నడూ అడగలేదు.
చిక్కుడు గింజలు రాత్రే నానెయ్యాలని
పన్ను కలుక్కుమన్నాకే తెలిసింది.

గొర్రెపాలు కాచి దించి
చిటికెన వేలు ముంచాడు:
కొరకాలి, కాల్చకూడదు.
పక్కింటి వాసిల్కా ఇచ్చిన చెంచాడు పెరుగు కలిపి
కుండకి స్తోయ్నా శాలువా చుట్టాడు.

ఆ చెంచాడు పెరుగుని
మా భాషలో తోడంటారని అతనికి తెలీదు.

తెల్లారి మూత తీస్తే
గట్టిగానే ఉంది, కాస్త పులుపెక్కువ.
ముందుగా ఓ చెంచాడు
రేపటికని తీసి పక్కన పెట్టి
తినడం మొదలెట్టాడు.