ఇంకా దిగుతున్న వాన

ద్రావా మైదానంలో మొక్కజొన్న కోతలు ముగిసిన వారం
నీలం మూతల సీసాలు ఆరు పెట్టెలో సర్దుకుని
ఓజ్బాల్ట్ పెరట్లోకి వస్తాను.
ఏడాదికి నాలుగుసార్లు. ఇది పదకొండో ఏడు.
కుక్క నన్ను చూసి మొరగడం ఎప్పుడో మానేసింది.

పంపు విప్పి పావుగంట నీళ్ళు వదిలేయాలి,
గొట్టంలో నిలవున్న నీరు అబద్ధమాడుతుంది కనక.
మా మాటలకు దొరికే తీరిక ఆ పావుగంటే.
రొట్టె మీద గుమ్మడిగింజల నూనె
ముదురాకుపచ్చగా పోసి ఇస్తాడు.
తాగడానికి ఆపిల్ రసం.
నీళ్ళు మాత్రం ఇవ్వడు.

"పోయినసారి ఎంతొచ్చింది?"
సున్నా పాయింటు ఒకటి మూడు.
హద్దు సున్నా పాయింటు ఒకటి.
అదెంత అంటాడు, మొదటిసారి అడుగుతున్నట్టే.
నాలుగు పెద్ద ఈతకొలనుల్లో ఒక చిటికెడు ఉప్పు, అంటాను.
చిటికెడే కదా, అనడు.
ఒకప్పుడు అనేవాడు.

తెల్లటి పొడి. పెద్ద వాసనేం ఉండేది కాదట.
ట్రాక్టరు వెనక మంచులా లేచి వాలేది.
ఆకు వెలుగును అన్నం వండుకునే గదికి
గొళ్ళెం పెట్టేసేది;
అన్నం కాలేని వెలుగు ఆకునే కాల్చేది.
మొక్కజొన్న ఒక్కదానికి ఆ విషాన్ని విరిచే విద్య తెలుసు.
కొన్నేళ్ళకు చక్రవర్తికూర కూడా మొండికెత్తింది,
చాళ్ళ మధ్య నడుమెత్తున నిలబడి.
"ఇంకో కొలత వేయమన్నాడు కొట్టువాడు.
వేశాను."

నిషేధం వచ్చిన వారం
ఖాళీ డబ్బాలో జెరేనియం నాటింది అతని చెల్లెలు నెజ్కా.
అది ఎర్రగా, సిగ్గులేకుండా పూసింది.

చట్టం నేల మీదే ఆగిపోయింది.
వాన ఆగలేదు.
గులకరాళ్ళ సందుల్లో తడుముకుంటూ
ఇంకా దిగుతూనే ఉంది.
పైమట్టిలో అయితే కంటికి కనపడని నోళ్ళు
రెండు మూడు నెలల్లో సగం మింగేసేవి.
కింద చీకటి, చలి,
విస్తరి వేసినా కూర్చునేవాళ్ళు లేరు.
దారిలో దానికో చెయ్యి ఊడుతుంది, పేరు మారుతుంది,
ఆరు మూలల నడుము మాత్రం చెక్కుచెదరదు.
మా యంత్రం దాన్ని కొత్త పేరుతో నమోదు చేస్తుంది.
ఓజ్బాల్ట్ కాగితం చదివి, కళ్ళజోడు తీసి,
"నాదే" అంటాడు.

కప్పల సంగతి ఎక్కడో విన్నాడు.
కొన్ని ప్రయోగశాలల్లో మగకప్పల లోపల అండాలు కనబడ్డాయని,
మరికొన్నిచోట్ల కనబడలేదని,
పండితులింకా తగువులాడుతున్నారని చెప్పాను.
ఆ సాయంత్రం గుంట పక్కన పీట వేసుకు కూర్చున్నాడట.
"మునుపటిలాగే అరుస్తున్నాయి.
కానీ అరవనివాటిని ఎలా లెక్కపెట్టను?"

ఇవాళ ఒక నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టాడు.
ఏ మడి, ఏ తేదీ, ఎన్ని కొలతలు,
పెన్సిలు గీతలు చెమటకు అలుక్కుపోయి.
ఈ బావికి వాన చేరడానికి ఎన్నేళ్ళని అడిగాడు.
ఇరవై అయిదో, ముప్ఫయ్యో,
ఎవరమూ గట్టిగా చెప్పలేం.
వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టి
ఒక మే నెల దగ్గర ఆగాడు.
ఆ నెల రెండుసార్లు చల్లాడు.
మొదటిది వాన కొట్టుకుపోయిందని.
"అయితే అదింకా రాలేదు"
అన్నాడు, పొయ్యి మీద మరో గ్లాసు పాలు పెట్టబోయేవాడిలా.

సీసా నింపాను, బుడగ లేకుండా.
చీటీ మీద తేదీ రాశాను:
ఇవాళ్టిది. నీళ్ళది కాదు.
అతను పంపు కట్టేశాడు.
అప్పటికే పావుగంట నీళ్ళు
వాకిలి దాటి, కాలిబాట దాటి,
మొక్కజొన్న మోళ్ళలోకి ఇంకిపోతున్నాయి.