చలి మోసేవాడు

తెల్లవారుజామున నాలుగింటికి చలిని మోసుకెళ్తాను.
భుజాన కాదు, చక్రాల బండి మీద,
స్టీలు డబ్బాలో పొగలు కక్కే ద్రవ నైట్రోజన్.
మా నాన్న ఇదే కొండ మీద గంధకం తవ్వాడు.
ఆయన దగ్గులో చివరిదాకా పసుపు.
నా చేతి తొడుగుల మీద తెల్లటి మచ్చలు.
నాలుగువేల ఎనిమిది వందల మీటర్ల ఎత్తు
ఇద్దరికీ ఒకటే జీతమిచ్చింది:
సగం గాలి.

కెమెరా ఉండేది పీపాలో.
పీపాలో పీపా, దానిలో ఇంకో పీపా,
అన్నిటికన్నా లోపల గోరంత డిటెక్టర్,
ఇక ఇంతకన్నా చలి లేదన్న చోటికి
ఎనిమిది డిగ్రీల ఇవతల.
అంత చలి దేనికి రుఫీనో, అని ఊళ్ళో అడుగుతారు.
వెచ్చగా ఉన్న కన్ను తన వెచ్చదనాన్నే చూసుకుంటుంది,
అంటాను. కోకా ఆకు దవడకి మార్చుకుని
తల ఊపుతారు, నమ్మరు.

డాక్టర్ కత్రిలేవ్ దక్షిణాన వానల్లో పెరిగిన మనిషి.
ఇక్కడ మాత్రం తేమని శత్రువులా చూస్తుంది.
గంటకోసారి అడుగుతుంది: "నీరెంత?"
నెత్తిమీది ఆకాశమంతా పిండితే
అర మిల్లీమీటరు.
"ఎక్కువే," అంటుంది.

పరారుణంలో చీకటి అన్నది లేదు.
ఆకాశం వెలుగుతుంది, అద్దం వెలుగుతుంది,
అద్దాన్ని మోసే ఇనుము, నట్లు, బోల్టులు,
మేము వదిలే ఊపిరి.
మంటల్లో కూర్చుని, మంటతో చేసిన గొట్టంలోంచి
మంట అవతలి మిణుగురుని వెతకడం.
మధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా తేడా కొంచెమే.
పట్టపగలే చుక్కలు చూపిస్తాం మేము.
బెదిరింపు కాదు, డ్యూటీ.

అందుకే పైనున్న చిన్నద్దం
సెకనుకి నాలుగుసార్లు తల తిప్పుతుంది.
చుక్క ఉన్న చోటు, పక్కనున్న ఖాళీ,
మళ్ళీ చుక్క, మళ్ళీ ఖాళీ.
ఉన్నదాంట్లోంచి లేనిదాన్ని తీసేయాలి.
అయినా ఒక మరక మిగులుతుంది,
రెండు దారులూ పెద్దద్దాన్ని ఒకేలా చూడవు కనక.
అప్పుడు టెలిస్కోప్ మొత్తం పక్కకి జరిగి
అదే అబద్ధాన్ని రెండోసారి చెబుతుంది.
రెండింటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీస్తే
అబద్ధం పోతుంది.

ఆగస్టులో మూడు రాత్రులు పోలేదు.

కుడి అంచున, బొటనవేలంత.
అద్దం కడిగారు. కేబుళ్ళు మార్చారు.
పీపా కారుతోందేమో, ఎవరు మూశారు, అన్నారు.
మూసింది నేనే. నోరు కూడా మూసుకున్నాను.
నాలుగో రాత్రి ఆపరేటర్ నెమేసియో
తెరకి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.
"ఇది కదలకుండా లేదు," అన్నాడు.
"ఉబ్బుతోంది. తగ్గుతోంది. మళ్ళీ ఉబ్బుతోంది.
కదలని వేడైతే రద్దయిపోయేది."

టార్చి పట్టుకుని నిచ్చెనెక్కాను.
పెద్దద్దం అంచున, మోటారు పక్కన
కేబుళ్ళ గూట్లో ఒక విస్కాచా,
కుందేలు చెవులు, ఉడత తోక,
కళ్ళు సగం మూసుకుని
అద్దె కట్టిన మనిషిలా కూర్చుని
ఊపిరి తీస్తోంది.

కింద డాక్టర్ ఏమీ అనలేదు.
అక్కడ, తెర మీద, దుమ్ము దుప్పట్లో ఇంకా పుడుతున్న నక్షత్రం,
నివురు గప్పిన నిప్పు,
అస్తమించడానికి ఇరవై నిమిషాలు.
మూడేళ్ళు అర్జీలు పెట్టి తెచ్చుకున్న రాత్రి.
అట్టపెట్టె తెమ్మంటుందనుకున్నాను.
"అది లేచాక తియ్యి," అంది.
లాగ్ పుస్తకంలో ఒక గీత గీసింది,
దాని పక్కన ఏమీ రాయలేదు.

పొద్దెక్కాక కిందకి తీసుకెళ్ళాను.
ఎక్కడ వదలాలో అడగక్కర్లేకపోయింది,
పొట్ట కింది బొచ్చులో పసుపు.
పాత గంధకం గని దగ్గర, కప్పులేని గోడల మధ్య
పెట్టె వంచాను. వెనక్కి చూడకుండా పోయింది.

పెట్టె అడుగు ఇంకా వెచ్చగానే ఉంది.
తొడుగులు తీసి కాసేపు
రెండు చేతులూ అందులో పెట్టుకున్నాను.
తర్వాత పైకెళ్ళి నైట్రోజన్ నింపాను.