రెండు దిమ్మెల ఐసు

ఏప్రిల్ నెల. బుధవారపేటలో నలభై మూడు డిగ్రీలు.
వరిపొట్టు అంటిన గోనెసంచిలో
రెండు దిమ్మెల ఐసు తెప్పించినాను.
ఆటో దిగేలోపే ఒకటి ముక్కాలయింది.
"పెండ్లా అక్కా?" అన్నాడు ఆటో పిల్లోడు.
కాదు నాయనా,
ఒక ఊపిరికి పరీక్ష.

మద్దిలేటి పదో తేదీ లడఖ్ పోతాడు,
మంచు పగలగొట్టి దిగే సరస్సుకు.
ఇన్నాళ్ళూ వాడు దిగింది
కేసీ కెనాలు, సుంకేసుల, హంద్రీ మడుగులు.
పోయినోళ్ళను పైకి తెచ్చే పని.
నీళ్ళలో వాడెప్పుడన్నా వణికింటే
అది చలికి కాదు.

వాడి రెగ్యులేటరును
బేతంచెర్ల బండమీద ఉతికిన లుంగీ పరిచి విప్పినాను.
నాయన పంపుస్టవ్వులు విప్పిన బండ ఇదే.
ఎన్నిసార్లు కడిగినా కిరసనాయిలు వాసన పోదు,
అందుకే లుంగీ.
ఊపిరి పోయే దారిలో
చమురు చుక్క పడగూడదు.

సీసాలోని రెండొందల బార్ల గాలి
చిటికెనవేలంత గదిలోకి దూకి
ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుంటుంది.
విరుచుకున్న గాలి చల్లబడుతుంది.
చుట్టూ నీళ్ళు అప్పటికే చల్లనివైతే
స్ప్రింగుకు ఐసు పడుతుంది.
అప్పుడు గాలి ఆగిపోతుందనుకుంటారు అందరూ.
ఆగదు.
తలుపు తెరిచినచోటే బిగుసుకుని
అరగంట ఊపిరి
రెండు నిమిషాల్లో బుడగలై పోతుంది.

కొళాయి రాకపోవడం తెలిసిన ఊరు మాది,
బిందెలు వరస పెట్టి ఒక కన్ను మూసే ఊరు.
ఎక్కువై చంపడమంటే ఏందో
ఒక్కసారే చూసినాం,
తొమ్మిదో సంవత్సరం అక్టోబరులో,
నదులు రెండూ మిద్దెలెక్కిన రాత్రి.
నన్ను జుట్టుపట్టి పక్క మిద్దెమీదికి లాగినోడికి
అప్పటికి పద్నాలుగేండ్లు.
నాయన తెల్లారిందాకా
స్టవ్వు పిన్ను పండ్లమధ్య పట్టుకునే కూర్చున్నాడు,
ఏ నీటిని ఏ రంధ్రంలో పొడవాలో తెలీక.

సరే, పని.
డయాఫ్రమ్ మార్చినాను.
నీళ్ళు స్ప్రింగును తాకకుండా రబ్బరు టోపీ.
ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు రోంత,
కంటికి కాటుక పెట్టినంత.
నడిమి ఒత్తిడి తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు దించినాను.
తక్కువ విరుచుకుంటే తక్కువ చలి.

మొదటిసారి తొట్టిలో ముంచితే
మూడో నిమిషానికే పొంగింది.
వాకిలి నిండా బుసబుస,
వీధిపిల్లోళ్ళు చప్పట్లు.
నా చేతిపని తప్పని రోంతసేపు ఏడుపొచ్చింది.
కడకు చూస్తే తప్పు గాలిది:
కంప్రెసరు ఫిల్టరులో నీలం గింజలు
ఎప్పుడో గులాబీ రంగుకు తిరిగినాయి.
నింపిన గాలిలోనే తడి ఉంది.
నలభై మూడు డిగ్రీల ఊర్లో
తడి యాడ దాక్కుంటుందో చెప్పలేం.

గింజలు మార్చి, సీసా మళ్ళీ నింపేసరికి
రెండో దిమ్మె బెల్లమచ్చంత మిగిలింది.
ముంచినాను.
ఐదు. ఎనిమిది. పదకొండు నిమిషాలు.
నిలబడింది.

మద్దిలేటి సాయంత్రం వచ్చినాడు, ఉగ్గాని పొట్లంతో.
"నీళ్ళలో తల మునిగిందాకా నోట పెట్టి పీల్చగాకు," అన్నాను.
"నీ ఊపిరి తడే లోపల ఐసవుతుంది.
గుండీ నొక్కి చూడగాకు.
పొంగిందంటే పైకి చూడు,
తాడు పట్టుకో, రెండోది నోట్లో పెట్టు.
ధైర్యం సంగతి తర్వాత."

వాడు తొట్టిలో చెయ్యి పెట్టి
"ఇంతకన్నా సల్లగుంటాదా అక్కా?" అన్నాడు.
నాకేం తెలుసు.
మంచు నేను చూసింది
చేపలమీదే.

వాడు పోయినాక
తొట్టినీళ్ళు బండమీద పారబోసినాను.
సుయ్యిమని ఒక్క ఊపిరి పీల్చింది బండ.
అంతలోకే ఆరిపోయింది.