చందా రసీదులు

మా నాన్న గిద్యోను
లాకుల దగ్గర లస్కరు.
జూన్‌లో కాలవకి నీళ్ళొదిలే రోజు
పొద్దుణ్ణుంచీ చక్రం తిప్పిన వేళ్ళు
రాత్రికి కొంకర్లు పోయి
అన్నం ముద్ద పట్టేవి కావు.
అమ్మ కలిపి పెట్టేది.

ఆ వేళ్ళలోంచే అరెకరం చేను గుంజుకున్నాను.
చెరువు తవ్వించి, మోటారు పెట్టి
సముద్రపు పాయలోంచి ఉప్పునీళ్ళు తోడించాను.
మొదటి పంటకి బుల్లెట్టు బండి.
రెండో పంటకి తెల్లమచ్చ.
తెల్లారేసరికి గట్టు పొడుగునా
చచ్చిన రొయ్యలు, కాకులు.

అప్పుడు సంఘం పెట్టె నా దగ్గరే ఉంది.
కోత పండక్కి
ధాన్యం బస్తాలూ గుమ్మడికాయలూ బాతుగుడ్లూ
వేలం పాడిన డబ్బు,
గుడి పైకప్పు రేకులకి.
రేకులు రాలేదు.
నేను కాలవ దాటేశాను.

ఎంత దూరమనుకున్నారు?
బల్లకట్టు మీద నాలుగు నిమిషాలు.
అవతలి గట్టున ఎవరివో చెరువులు,
రాత్రి కాపలా.
పదకొండేళ్ళు.

ఆదివారం గంట నీళ్ళ మీదుగా వచ్చేది.
ఏరేటర్లు వేసేసేవాణ్ణి
గంట అందులో మునిగిపోయేట్టు.
అమ్మ పోయినప్పుడు
ఆగి ఆగి కొట్టారు.
ఆ రోజు మాత్రం ఆపేశాను.

ప్రార్థన మానలేదు, అబద్ధమెందుకు.
మొదట్లోనే తండ్రీ అని పిలవాలి కదా,
ఆ మాట దాటేసి
అన్నం అడిగే చోట ఎక్కేవాణ్ణి
టిక్కెట్టు లేనివాడు
వెనక తలుపున బస్సెక్కినట్టు.

మా చేను కనపడేది అక్కణ్ణుంచి.
నాన్న ఒక్కడే పలుగుతో
చెరువు గట్లు తెంచడం చూశాను.
కాలవ నీళ్ళు పెట్టాడు, నిలబెట్టాడు, వదిలేశాడు.
మళ్ళీ పెట్టాడు.
ఏడాది తిరిగినా నేల మీద తెల్లటి పొక్కు.
జీలుగు చల్లాడు,
నడుమెత్తు ఎదిగాక కలియదున్నేశాడు.
చచ్చిన చేనుకి స్నానాలేంటయ్యా అని
జనం నవ్వారంట.
"ఉప్పు ఒక్క నీటికి దిగదు" అన్నాడంట.
నాలుగో ఏట
మోకాలెత్తు వరి.

ఆ పచ్చదనం చూస్తే
నాకు ఏడుపు రాలేదు.
ఆ మట్టి మీద
అసూయ పుట్టింది.

మొన్న ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
అడుగు బయటపడింది:
ఎండిన గుర్రపుడెక్క, సీసా పెంకులు,
ఎవరిదో ఒంటి చెప్పు.
మధ్యలో నీళ్ళున్నాయన్న సాకు
నాకు మిగల్లేదు.
బురదలోకి దిగి నడిచాను.

లాకు తలుపు మీద కూర్చుని
చక్రానికి గ్రీజు రాస్తున్నాడు.
పరిగెత్తి రాలేదు, మోకాళ్ళు అరిగిపోయాయి.
లేచి నిలబడ్డానికి చాలాసేపు పట్టింది.
ఆ చాలాసేపూ
నా మీంచి చూపు తియ్యలేదు.
గ్రీజు చేతులు రెండూ
నా చొక్కా వీపు మీద ఇప్పటికీ ఉన్నాయి,
ఉతికినా పోలేదు.
"కాళ్ళు కడుక్కోరా" అన్నాడు.

రాత్రి ట్రంకుపెట్టెలో లుంగీ వెతుకుతుంటే
దారం చుట్టిన కాగితాల కట్ట.
సంఘ చందా రసీదులు.
నెలకొకటి, పది రూపాయలు,
తర్వాత్తర్వాత ఇరవై.
పదకొండేళ్ళవి.
ప్రతిదాని మీదా: ఒనేసిము, తండ్రి గిద్యోను.
పనికొచ్చేవాడని అర్థమంట నా పేరుకి,
పెట్టేనాడు పాస్టరు గారు చెప్పారంట.

చందా ఆగితే
మా సంఘం పుస్తకంలో
పేరు మీద గీత కొట్టేస్తారు.

"రేకుల డబ్బో?" అన్నాను చీకట్లోకి.
"ఎప్పుడో ముట్టింది. పడుకో."
పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాను.
పన్నెండు కొబ్బరిచెట్లుండాలి.
మూడున్నాయి.
మిగతావి మొదళ్ళు,
వాటి మీద బోర్లించిన కుండలు.

ఆ రాత్రి
మోకాళ్ళూని మొదటి మాట దగ్గర ఆగాను.
ఈసారి దాటలేదు.
తండ్రీ అనబోయి, నోరు తిరక్క
నాన్నా అన్నాను.

అరుగు మీంచి
"ఊఁ" అన్నాడు నాన్న.

పిలిచింది ఆయన్ని కాదు.
కాదని చెప్పబుద్ధి కాలేదు.