మూడింటికి ఎవరు లేస్తారు

మొంతెవిదేయోలో జూలై అంటే చలి.
సముద్రంలా నటించే నది
గోడమీది నుంచి ఎగిరి
రోడ్డంతా చప్పటి నీళ్ళు చల్లిపోతుంది.
మూడో అంతస్తులో మేం నలుగురం,
దగ్గుతూ వెలిగే హీటరొకటి,
చేతులు మారే మాతే బుర్ర ఒకటి.

పశువుల డాక్టర్లకు మేం రాసిన ప్రోగ్రాం
ఇప్పుడు ఇంకో పదింటితో మాట్లాడాలట:
ల్యాబుతో, లెక్కల పుస్తకంతో,
ఆవు చెవిపోగు నంబరు చదివే కర్రతో.

అనాయి కాగితం మధ్యన గీత గీసింది.
ఎడమపక్క, అద్దె ప్లాట్‌ఫాం.
మన తెరలోనే ఒదిగి కూర్చుని
మన రంగే పూసుకుంటుంది.
తీగలన్నీ ముందే అల్లి ఉంటాయి,
సోమవారం సంతకం, శుక్రవారానికి పని.
కనెక్షన్‌కింత, నెలకింత, డాలర్లలో.
కుడిపక్క, ఓపెన్ సోర్స్ బ్యాకెండ్.
అది డబ్బడగదు.
అడగనివాళ్ళే ఎక్కువ పట్టుకుపోతారని
వాషింగ్టన్ నవ్వాడు.
(ఊరి పేరు కాదు. మా దేశంలో
తాతల తరానికి ఇలాంటి పేర్లు పెట్టేవాళ్ళు.)

ప్లాట్‌ఫాం అమ్మే కుర్రాడు వీడియోలో వచ్చాడు,
వెనకాల ఎన్నడూ వాడని పూలకుండీ.
వచ్చే ఏడు ధర పెంచితే? అన్నాను.
మనం ఒక కుటుంబం కదా, అన్నాడు.
ముప్ఫై ఎనిమిది పేజీల ఒప్పందంలో వెతికాను,
ఆ మాటకు ఎక్కడా అర్థం ఇవ్వలేదు.

ఊరికే వచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు.
మేం లెక్కపెట్టాం,
మా డాక్టర్లు పొద్దస్తమానం చేసే పని అదేగా.
ఆ రాత్రి ఆ కోడ్ నోరు తెరిచి చూస్తే
ఒక వరుస పక్కన
ఎవరో, ఏ దేశంలోనో, రాసి పెట్టుకున్నారు:
"మా అమ్మాయి పుట్టిన రాత్రి రాశాను.
తప్పులుంటే మన్నించండి."
తేదీ చూశాను. ఆ పిల్లకిప్పుడు ఆరేళ్ళు.
అప్పట్నుంచి ఆ వరుసని ఎవరూ ముట్టుకోలేదు.

కాగితం నిండింది, తేలలేదు.
అయిదు గంటల బస్సెక్కి
తాకువారెంబో అవతలికి వెళ్ళాం.
మోకాళ్ళ దాకా బురదలో డాక్టర్ ఎలాదియో,
నంబర్లు అరచేతిలో రాసుకుని
చెయ్యి నిండాక మణికట్టు మీద,
తర్వాత పక్కనున్న కుర్రాడి చేతిమీద.
అనాయి రెండు దారులూ ఓపిగ్గా వివరించింది.
ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు:
"మీ యంత్రం ఇక్కడ మాట్లాడుతుందా,
సిగ్నల్ దొరికే గుట్ట దాకా
నేను ఆవుని తోలుకెళ్ళాలా?"

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు.
మబ్బులో మాత్రమే బతికేది
మబ్బు కింద తడిసేవాడికి అందదు.

అలాగని గెలుపేమీ కాదిది.
లెక్కల పుస్తకానికి అద్దెదే ఉంచేశాం,
దానిమీద ఎవరికీ ప్రేమ పుట్టలేదు.
చెవిపోగులకు మాత్రం
రొట్టెముక్కంత పెట్టెలో ఆ కోడ్ నింపి
ఎలాదియో ట్రక్కులో సీటు కింద బిగించాం.
మరి అది చెడితే? అంది అనాయి.
అందరూ నావైపు చూశారు.
నేను హీటరు వైపు చూశాను.

ఆగస్టులో గాలివాన రాత్రి
మూడింటికి ఫోన్ మోగింది.
పదిహేడో ఆవు రెండుసార్లు పుట్టిందట,
ఒకే నంబరు, రెండు వయసులు.
దుప్పటి భుజాలకి చుట్టుకుని వెతికితే
దారి తిరిగి తిరిగి
ఆ పాత వరుస దగ్గరే ఆగింది.
ఒక్క గుర్తు తప్పు.
నిద్రలేని తండ్రి ఎవరైనా చేసేదే.

సరిచేశాను. ఆయన నోటు చెరపలేదు.
కింద నాదొకటి చేర్చాను:
"ఇది గాలివాన రాత్రి దిద్దాను.
పదిహేడో ఆవు క్షేమం.
పాప ఎలా ఉంది?"