పది సెకన్లు వెనక్కి

కిటికీలకి పాత సైన్సు ఫెయిర్ చార్టులు అడ్డం పెట్టి
చీకటి చేశాం.
ఎక్కడో ఒక సందు మిగిలింది.
అందులోంచి పటమట ఎండ
సన్నటి బెత్తంలా లోపలికొచ్చి
సరిగ్గా తెర మీదే వాలింది.
దాన్ని జరపడం ఎవరి వల్లా కాలేదు.

ఫోను నాది. నెట్టూ నాదే.
రోజుకి ఒకటిన్నర జీబీలో
పొద్దున్నే మా అత్తగారి ప్రవచనం పోగా
మిగిలినదాంట్లోంచి
పదో తరగతి బి సెక్షన్‌కి
ఒక గుండె.

ముందు ప్రకటన వచ్చింది.
ఏవో అపార్టుమెంట్లు, ఈతకొలను, నవ్వే కుటుంబం.
యాభై ముగ్గురూ ఒక్క గొంతై
ఐదూ, నాలుగూ, మూడూ, రెండూ...
ఎక్కాలు ఎన్నడూ ఇంత కలిసికట్టుగా
చెప్పి ఎరగరు వీళ్లు.

తర్వాత గుండె.
పందొమ్మిదేళ్లుగా నేను బోర్డు మీద
ఒకవైపు ఎర్ర సుద్ద, ఒకవైపు నీలం సుద్ద,
బంగినపల్లి కాయలా గీస్తూ వచ్చిన గుండె
గోడంతయి కొట్టుకుంటోంది.
దాచడమెందుకు, కాస్త కుళ్లుకున్నాను.
దాని గొంతు బొంగురుపోదు.
దానికి మూడో పీరియడ్ నడుం నొప్పి లేదు.
అందులో మాట్లాడే ఆయన ఏ ఊరివాడో,
తెలుగే,
ఎక్కడా ఊపిరి తీసుకోని తెలుగు.

మూడు నిమిషాల పన్నెండో సెకను దగ్గర
కవాటం సగం తెరుచుకుని
నిలబడిపోయింది.
తెర నడుమ తెల్లటి చక్రం
తిరుగుతూ, తిరుగుతూ.
"గుండె ఆగింది టీచర్, నూట ఎనిమిదికి కొట్టండి!"
వెనక బెంచీ.
అందరూ నవ్వారు. నేనూ.

ఆ ఖాళీలో లేచాడు నాగుల్ మీరా,
హాజరుకి తప్ప నోరు తెరవనివాడు.
"ఇది వాల్వే కదా టీచర్.
మా నాన్న ఆటోనగర్‌లో లారీలకి మార్చేదే.
అది లీకయిందనుకోండి,
బండి ఎత్తెక్కదు.
బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద సగంలో ఆగిపోద్ది."

"మా మామ్మ కూడా మెట్ల మీద సగంలోనే ఆగిపోద్ది"
అంది ఎవరో, చీకట్లో.
గొంతు పోల్చుకోలేకపోయాను.
నవ్వు మాత్రం అక్కడితో తెగింది.

చక్రం పోయి గుండె మళ్లీ కదిలింది.
ఆయన మళ్లీ పరుగందుకున్నాడు.
అప్పుడు మూడో బెంచీ లోంచి ఎస్తేరు రాణి:
"ఆపండి టీచర్. పది సెకన్లు వెనక్కి."

ఫోను ఎడమ అంచున వేలితో రెండుసార్లు తట్టాను.
చూసింది.
"ఇంకోసారి."
తట్టాను.
"ఇంకొక్కసారి, టీచర్."
నాలుగుసార్లు తెరుచుకుంది ఆ పిల్ల కోసం కవాటం.
నాలుగుసార్లూ అదే మాట, అదే ఓపిక.
తెర గడియారం వంక చూడలేదు.
సిలబస్ మిగిలిపోయిందని నిట్టూర్చలేదు.
'ఇందాకే చెప్పానుగా' అనలేదు.

ఆ మాట నాది.
నా హ్యాండుబ్యాగులో తాళాలగుత్తిలాగా
ఎప్పుడూ చేతికి తగిలే మాట.
నాలుగేళ్లుగా ఇదే బెంచీలో ఈ పిల్ల.
ఒక్కసారీ నన్ను ఆపలేదు.
ఆపొచ్చని నేనూ చెప్పలేదు.
చార్టులు తీయకుండా
కాసేపు అలాగే నిలబడ్డాను.

మర్నాడు కరెంటు లేదు.
నాగుల్ మీరా న్యూస్‌పేపర్లో చుట్టి
అరిగిన వాల్వు ఒకటి పట్టుకొచ్చాడు.
చేతులు మారి మారి అది నా దాకా వచ్చేసరికి
యాభై మూడు జతల అరచేతులు గ్రీజు.
హాజరుపట్టీకి కూడా ఒక వేలిముద్ర.

మూత్రపిండం మొదలుపెట్టాను.
చిక్కుడు గింజ గీసి, గొట్టాలు గీసి,
బాణం గుర్తులు గీస్తూ గీస్తూ
నాకు తెలియకుండానే
నేనూ ఊపిరి తీసుకోవడం మానేశాను కాబోలు.
"ఎవరికైనా వెనక్కి కావాలా?"
ఎవరూ మాట్లాడలేదు.
ఎప్పుడు మాట్లాడారని.

బోర్డు వైపు తిరిగాను.
వెనక, చెక్క మీద, చిన్న చప్పుడు.
టక్ టక్.
తిరిగి చూస్తే
ఎస్తేరు రాణి తల దించుకునే ఉంది.
బల్ల ఎడమ అంచు మీద
గ్రీజంటిన వేలు.

డస్టర్ ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను.